తల తాకిన చెయ్యి

రాతూ నెమానీ తలను అపెనీసా చేత్తో పట్టుకున్న సంగతి సోమవారం పొద్దెక్కేలోగా దీవి అవతలి ఒడ్డు దాకా పాకింది. ఆ పట్టుకోవడం వల్లనే ఆయన ప్రాణం దక్కిందన్న సంగతి దాని వెనక కుంటుకుంటూ బయల్దేరింది; కొన్ని ఊళ్ళకు అసలు చేరనే లేదు.

అందులో ఎవరినీ తప్పు పట్టడానికి లేదు. నాకొరొవై గ్రామంలో రాతూ అంటే ఊరి దొర; ఆయన తలకంటె ఎత్తయినది మరొకటి ఉండకూడదు. ఆయన కూర్చుని ఉంటే ఎవరూ నిలబడి మాట్లాడరు. ఆయన వెనక గోడకు వేలాడే బుట్ట అందుకోవాలన్నా ముందుగా క్షమించమని అడిగి, తీసుకున్నాక మళ్ళీ నేల మీద కూర్చుని, అరచేతులు దొప్పలు చేసి చప్పట్లు కొట్టాలి. అటువంటి తలను, పార్కులో జనానికి దారి చూపించే మనిషి, గుబురు జుట్టులో వేళ్ళు దూర్చి, కొబ్బరికాయను పీచు పట్టి ఈడ్చినట్టు ఈడ్చాడు. ఆరాధన ముగిసి చర్చి మెట్లు దిగుతున్న ఊరంతా అది చూసింది.

ఊరు చూడనిది ఒకటుంది. అది చూసినవాళ్ళు ఇద్దరే: ఈడ్చినవాడు, ఈడ్పించుకున్నవాడు.

నెమానీ రాతూ కావాలని కోరుకోలేదు. అన్న పోయాడు, అన్నకు పిల్లలు లేరు, రాజధాని సువాలో ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్న తమ్ముణ్ణి ఊరు పడవ పంపి పిలిపించుకుంది. దేశంలోని నదుల నీటిమట్టాలు కొలిచే శాఖలో ఆయన జీవితమంతా పనిచేశాడు. చదువరి. దయ్యాల మీద, జలదేవతల మీద, నిషేధాల మీద ఆయనకు నమ్మకం లేదు. ఆ సంగతి దాచుకునే అలవాటూ లేదు, రాతూ అయ్యేదాకా.

అన్న పోయిన మైలకు సవులేవు మడుగును నూరు రాత్రులు మూసి ఉంచాలన్నారు. సవులేవు వాళ్ళ అడవిలోని జలపాతం. కొండ నెత్తి మీది నుంచి ఒక్క దూకులో పడుతుంది; దూరాన సముద్రం మీద పోయే పడవలకు పచ్చటి కొండకు పడిన తెల్లని చీలికలా కనిపిస్తుంది. ఆ అడవిని ఊరు ఏ కలప వ్యాపారికీ ఇవ్వకుండా నిలుపుకొని, పార్కు చేసి, గేటు పెట్టి, వచ్చినవాళ్ళను వెంటబెట్టుకు తీసుకువెళ్ళి చూపిస్తూ బతుకుతోంది. మైల ఉన్నంతకాలం వచ్చినవాళ్ళు జలపాతాన్ని చూసి పోవచ్చు గాని మడుగులో దిగకూడదు. ఊరివాళ్ళు మడుగులో గాని, దాని కింద ఏట్లో గాని చేపనూ రొయ్యనూ ముట్టకూడదు. గడువు తీరాక అందరూ కలిసి పట్టి, పోయినాయన పేరు చెప్పుకుని విందు చేసుకోవాలి.

మడుగు అంచున గుంజ పాతి, దానికి బెరడుబట్ట పీలిక కట్టింది నెమానీయే. ‘ఇక్కడ ఒక గుంజ ఉంది, ఒక పీలిక ఉంది; ఇంకేమీ లేదు’ అనుకుంటూ కట్టాడు. ముడి మాత్రం గట్టిగా వేశాడు. నమ్మకం లేనివాడు చేసే కర్మకాండలో లోపం ఉండకూడదు. నమ్మేవాడైతే లోపాన్ని దేవుడితో సర్దుకుంటాడు. నమ్మనివాడు జనంతో సర్దుకోవాలి.

ఆ భయంలోనే మొదటి తప్పు చేశాడు. ఉనైసీ ఆయన మేనత్త కూతురు, వరసకు మరదలు. ఆ దీవుల్లోనూ బావామరదళ్ళకు పరాచికం పుట్టుకతో వచ్చిన హక్కు. నెమానీ పడవ దిగిన రోజునే, ఊరంతా నేల మీద కూర్చుని చప్పట్లు చరుస్తుంటే, “ఏమయ్యా, సువాలో అన్నం పెట్టలేదా నీకు? పుస్తకాలే పెట్టారా?” అని అడిగి అందరినీ నవ్వించింది. మైల మొదలైన కొత్తలో ఉనైసీ కోడలు ప్రసవించింది. బాలింతకు పులుసు కోసం ఉనైసీ ఏటి చివర గుప్పెడు రొయ్యలు పట్టింది. ఎవరో చూశారు, ఎవరో చెప్పారు.

అలాంటివాటికి ఊరికి ఒక మెత్తని మార్గం ఉంది. తప్పు చేసినవాళ్ళు సాయంత్రంపూట ఒక కావా వేరు తెచ్చి రాతూ గుమ్మంలో పెడతారు. ఆయన దాన్ని ముట్టుకుంటాడు. దంచి నీళ్ళలో కలిపి అందరూ తాగుతారు. మాట అక్కడితో ముగుస్తుంది. కాని ‘సువా మనిషికి పద్ధతులేం తెలుసు’ అన్న గుసగుస నెమానీ చెవిన పడి ఉంది. ఊరందరినీ పిలిపించాడు. ఉనైసీని గుమ్మం దగ్గర, అందరికంటె కింద, తల వంచి కూర్చోబెట్టాడు. కట్టుబాటు గురించి మాట్లాడాడు.

“కట్టుబాటంటే నమ్మకం కాదు. అందరం పాటిస్తామని ఒకరికొకరం ఇచ్చుకున్న మాట. ఒక్కరు తప్పితే అది ఉత్త గుడ్డపీలిక.”

ఆ వాక్యం ఆయనకు బాగుందనిపించింది. ఇంకొంచెంసేపు మాట్లాడాడు. ఉనైసీ చివరికి “తప్పయింది, రాతూ, క్షమించండి” అంది. ఆనాటి నుంచి ఆయనను మీరు అనే పిలిచింది. పరాచికం మళ్ళీ ఆడలేదు. అది మొదట్లో ఆయనకు గౌరవంలా కనిపించింది.

ఆదివారం ఉదయం చర్చి ముందు కొయ్యడప్పు మోగినప్పుడు నెమానీ మోకాలి నొప్పి అని చెప్పి ఇంట్లో ఉండిపోయాడు. నొప్పి అబద్ధం కాదు. ఉండిపోవడానికి అది కారణమన్నది అబద్ధం.

తరువాత ఆయన తాను చేసిన పనికి మరికొంత గౌరవప్రదమైన కారణం వెతికి చూశాడు. అన్న జ్ఞాపకం. పసితనం. నిషేధంలో పస ఉందో లేదో తేల్చుకోవాలన్న శాస్త్రీయ కుతూహలం. ఏదీ అతకలేదు. రొయ్యలు తినాలనిపించింది. సువాలో ఉన్నన్నాళ్ళూ, సంతలో మంచుగడ్డల మీద పరిచిన సముద్రపు రొయ్యలను చూసినప్పుడల్లా, మడుగు రాళ్ళ కింద దొరికే నల్ల రొయ్యలూ, అమ్మ వాటిని కొబ్బరిపాలల్లో పచ్చిమిరపకాయా నిమ్మరసమూ వేసి ఉడికించే వాసనా గుర్తుకు వచ్చేవి. గడువు తీరేదాకా ఆగవచ్చు. ఆగాలనిపించలేదు. అంతకుమించి దానిలో ఏమీ లేదు.

రాళ్ళ కింద చెయ్యి పెట్టి రొయ్యలు పట్టడం అక్కడ ఆడవాళ్ళ పని. చిన్నప్పుడు అమ్మ కొంగు పట్టుకు తిరిగి నేర్చుకున్నది. అమ్మ వాడిన మొగలాకు సంచి ఇంట్లో ఉంది. అది నడుముకు కట్టుకుని, పైన చొక్కా వేసుకుని, ఊరంతా పాట పాడుతుండగా వెనక దారిన బయల్దేరాడు. ఆదివారం పార్కు మూసి ఉంటుంది. గేటుకు అడ్డంగా కట్టిన తాడు కింద నుంచి, ఎవరి ముందూ వంగనవసరం లేని మనిషి, వంగి దూరాడు. దారిలో ఒక బోర్డు ఉంది: ‘కొండమీద మబ్బు ఉన్నప్పుడు నీళ్ళలో దిగరాదు.’ అది తనే రాయించాడు. కొండమీద మబ్బు ఉంది. చూశాడు కూడా.

మడుగు చల్లగా ఉంది. గుంజ పక్కనుంచే దిగాడు. వేళ్ళకు పాత విద్య మరపు రాలేదు. రాతి కింద అరచెయ్యి వెల్లకిలా పెట్టి, కదలకుండా ఉంచి, మీసం తగలగానే గుప్పిట ముయ్యాలి. సంచి సగం నిండింది. ఇంకొక్క రాయి అనుకున్నాడు. ఆ రాయి అయ్యాక కూడా అదే అనుకున్నాడు. పైనుంచి ఆకులు కొట్టుకువచ్చాయి. జలపాతం గొంతు బొంగురుపోయింది. దాని అర్థం దేశంలో ఆయనకంటె బాగా తెలిసినవాళ్ళు ఎక్కువమంది లేరు. ఆ అర్థాన్ని ఊరూరా తిరిగి బోధించడానికే ఆయనకు జీతం ఇచ్చేవారు. మోకాలు పట్టుకుని లేచి నిలబడేసరికి నీళ్ళు ఎర్రగా వచ్చి మీద పడ్డాయి.

ఏరు ఒక వంపు తిరిగి చర్చి పక్క నుంచి సముద్రానికి పోతుంది. మబ్బు పట్టింది గదా, తెలియనివాళ్ళు ఎవరైనా తాడు దాటి లోపలికి పోయి ఉంటారేమో చూద్దామని ఆరాధన మధ్యలో లేచి వచ్చిన అపెనీసాకు ఏటి మధ్యన తెల్లజుట్టు కనిపించింది. ఒడ్డు వెంట పరుగెత్తి, వంపు దగ్గర దూకాడు. చొక్కా పట్టుకుంటే చొక్కా చిరిగి చేతిలోకి వచ్చింది. తరవాత చేతికి దొరికింది జుట్టు.

అవతలి ఒడ్డు మీద కేకలు. ఇవతల లోతు తక్కువచోటికి లాగాక, జనం ఏరు దాటి వచ్చేలోపల, అపెనీసాకు రాతూ నడుముకు వేలాడుతున్న సంచి కనిపించింది. మూతి విచ్చుకుని ఉంది. లోపల రొయ్యలు చిటపటలాడుతున్నాయి. వాటి వంక చూశాడు. నెమానీ వంక చూశాడు. సంచి ముడి విప్పి, ఎర్రనీళ్ళలోకి తోసేసి, “నిలబడగలరా, రాతూ?” అన్నాడు.

అందరికంటె ముందుగా వచ్చినవాడు సకియూసా. రాతూ తరఫున మాట్లాడే వంశం వాడు; రాతూ నోరు తెరవవలసిన అవసరం రాకుండా చూడటం అతని వృత్తి. ఆదివారపు నల్లకోటుతోనే నడుములోతు నీళ్ళలో నిలబడి, వెనక్కి తిరిగి ఊరికి ప్రకటించాడు:

“గుంజ ఉందో లేదో చూడటానికి వెళ్ళారు! వానలో, ఒంటరిగా, మన మైల కాపాడటానికి వెళ్ళారు!”

అది ప్రశ్న కాదు. జవాబు చెప్పనవసరం లేదు. నెమానీ దగ్గుతున్నాడు. నీళ్ళన్నీ పోయాక కూడా ఇంకాసేపు దగ్గాడు.

సాయంత్రపు ప్రార్థనలో పాస్టరు దాన్ని ఉదాహరణగా చెప్పాడు. వరదకు గుంజ చెక్కు చెదరలేదని తెలిసి ఊరు దానిలో మహిమ చూసింది. లోతుగా పాతింది తనేనని నెమానీకి తెలుసు.

సోమవారం పొద్దున్న సకియూసా వచ్చి చాప అంచున కూర్చున్నాడు.

“బుధవారం వస్తారట, రాతూ. అపెనీసా మేనమామ తిమింగలం పన్ను తెస్తున్నాడు.”

“ఎందుకు?”

“ఎందుకేమిటండీ? వాడు తల ముట్టాడు గదా.”

“ముట్టకపోతే ఆ తల ఇప్పటికి సముద్రంలో ఉండేది.”

“ఉండేది. కాదనను. దానికి మనం వాళ్ళకు పందిని ఇస్తాం. అది వేరు, ఇది వేరు.”

“చొక్కా చిరిగిపోయింది, సకియూసా. ఇంకేం పట్టుకుంటాడు?”

సకియూసా ఆలోచించాడు. “చెయ్యి పట్టుకోవచ్చు. కాలు కూడా పట్టుకోవచ్చు.”

“కాలు పట్టుకు లాగితే తల నీళ్ళలో ఉంటుంది.”

“అదీ ఆలోచించానండి, రాత్రంతా,” అన్నాడు సకియూసా నిజాయితీగా. “దారి కనిపించలేదు. అందుకే క్షమాపణ.”

“వద్దని చెప్పు.”

“వద్దంటే మీ కోపం తీరలేదని అర్థం. ఇప్పటికే కావా చిప్ప వాడందిస్తే ఎవరూ పుచ్చుకోవడం లేదు. నిన్న రాత్రి మా వాడే పక్కకు తిరిగాడు. వాడి పిల్లను వాడు ఎత్తుకుంటే అత్తగారివైపు వాళ్ళు బెదిరిపోతున్నారు. మీరు ఆ పన్ను ముట్టుకుంటేనే వాడి చెయ్యి వాడిది అవుతుంది, రాతూ.” చాప అంచు సవరిస్తూ, “ఉనైసీ కూడా వస్తుంది. వాడి తల్లి గదా,” అన్నాడు.

పన్ను పుచ్చుకోకపోతే ఆ చెయ్యి మైలపడి ఉంటుంది. పుచ్చుకుంటే, తనను బతికించి, తన పరువు కూడా కాపాడినవాడు, వాడి తల్లి, తను వాళ్ళకంటె పెద్ద తప్పు చేశాక, తన ఎదుట మళ్ళీ తల వంచుతారు. తను పెద్దమనసుతో క్షమిస్తాడు. రాత్రి జుట్టు కుదుళ్ళు సలుపుతుంటే నెమానీ ఈ సంగతిని అన్ని వైపుల నుంచి చూశాడు. నిషేధం తనను కరిచిందని నమ్మగలిగితే ఎంత తేలికగా ఉండేది! తప్పు చేశాను, వరద వచ్చింది, చెల్లుకు చెల్లు. కాని కొండమీద వాన కురిసింది గనక వరద వచ్చింది. దానికి రొయ్యల సంగతి తెలియదు. శిక్ష వెయ్యడానికి ఎవరూ లేనివాడికి సిగ్గుపడటం ఒక్కటే మిగులుతుంది. అది ఎప్పటికి పూర్తవుతుందో చెప్పేవాళ్ళూ ఉండరు.

మంగళవారం ఆయన కర్ర పట్టుకుని పార్కు గేటు దాకా నడిచాడు. గేటు పక్కన రేకుల షెడ్డు వెనక మాటలు వినిపించి ఆగాడు. మాట్లాడుతున్నది వైసాకే. అపెనీసా పెళ్ళానికి అన్న. గేటు దగ్గర కొబ్బరిబోండాలు కొడతాడు.

“బావా, ఆ చెయ్యి కడుక్కోకు. దీవంతా ఇంకా చూడలేదు. మడుగు ఎలాగూ మూసేశాం, జలపాతం చూసినవాళ్ళు తిరిగొచ్చేటప్పుడు నీ చెయ్యి చూసి పోతారు.”

“నోరు ముయ్యి.”

“మా చెల్లెలు తల నిమరనిస్తోందా ఆ చేత్తో? రాతూ గారి కొబ్బరినూనె అంటుకుని ఉంటుందిరా, దానికేం చేదా!”

“ఇలా రా, నీ తల కూడా ముడతాను. నీకు పన్నూ గిన్నూ తెచ్చే పనిలేదు. అందులో ఏమీ లేదు గదా, మైలపడటానికి.”

వైసాకే నవ్వాడు. తరవాత గొంతు తగ్గించాడు. “నిజం చెప్పు బావా. అందరూ గుళ్ళో ఉంటే ముసలాయన అక్కడేం చేస్తున్నాడు?”

“గుంజ చూస్తున్నాడు.”

“లేచి పారిపోతుందనా?”

“వైసాకే.”

“సరే, సరే. గుంజే.”

నెమానీ గొంతు సవరించుకున్నాడు. ఇద్దరూ చటుక్కున నేల మీద కూర్చున్నారు. వైసాకే కత్తి వదిలేసి, బోండాలు లెక్కచూడాలంటూ, వంగి వంగి జారుకున్నాడు.

“ఆ సంచి ఎందుకు వదిలేశావు?” అన్నాడు నెమానీ.

“ఏ సంచండీ?”

“అపెనీసా.”

అపెనీసా గడ్డిపోచ తెంపి, దాన్ని మళ్ళీ తెంపాడు. తల ఎత్తలేదు. “ఆ రోజు మా అమ్మ మీ ముందు కూర్చున్నప్పుడు నేను పక్కనే ఉన్నానండి. అట్లాంటిది ఇంకోసారి చూడలేను. ఎవరిదైనా సరే.”

“మీ అమ్మకు తెలుసా?”

“నేను చెప్పలేదు.”

“నన్నేం చెయ్యమంటావు?”

“అది నన్నడగకండి, రాతూ,” అన్నాడు అపెనీసా. కోపంగా అనలేదు. బతిమాలుతున్నట్టు అన్నాడు.

బుధవారం వాన పట్టింది. రాతూ ఇంట్లో చాపలు పరిచారు. గుమ్మానికి ఎదురుగా, పైవరసన, నెమానీ కూర్చున్నాడు. కిందకు, గుమ్మం వైపు, వయసునూ వంశాన్నీ బట్టి ఊరు కూర్చుంది. అపెనీసా మేనమామ తిమింగలం పన్నును రెండు చేతులా పట్టుకుని, మోకాళ్ళ మీద జరుగుతూ ముందుకు వచ్చాడు. అతని వెనక అపెనీసా, కుడిచెయ్యి లుంగీ మడతలో దాచుకుని. అందరికంటె చివర, గుమ్మం ఆనుకుని, పోయినసారి కూర్చున్న చోటనే, ఉనైసీ.

“ఈ చెయ్యి మా ఇంటిది,” అన్నాడు మేనమామ. “ఎక్కడ పడకూడదో అక్కడ పడింది. దానికి బుద్ధి లేదు. మా తలలు మీ ముందు ఉన్నాయి. మమ్మల్ని బతకనివ్వండి.”

సకియూసా నెమానీ వైపు తిరిగాడు. ఇప్పుడు రాతూ చెయ్యి చాపి పన్నును ముట్టుకోవాలి. ఒక మాట అనాలి. ఆ మాట నెమానీకి కంఠతా వచ్చు.

ఆయన లేచి నిలబడ్డాడు. వెనక స్తంభానికి వేలాడుతున్న అన్న తిమింగలం పన్నును తీసుకున్నాడు. అది ఆ ఇంటి పరువు. పెళ్ళికో చావుకో తప్ప కిందికి దిగదు. దానితో, వంగిన తలల మధ్యనుంచి, గుమ్మం దాకా నడిచాడు. ఉనైసీకంటె కింద, గడపకు చేరువగా, కూర్చున్నాడు.

ఇంట్లో అలజడి పుట్టింది. రాతూ గడప దగ్గర కూర్చుంటే మిగిలినవాళ్ళు ఎక్కడ కూర్చోవాలి? ఆయనకంటె పైన ఉండటానికి వీల్లేదు. ముసలివాళ్ళు చాపల మీద పాకుతూ గుమ్మం దాటారు. మెట్ల మీద చోటు చాలక కొందరు వాన నీళ్ళలో చతికిలబడ్డారు. సకియూసా నల్లకోటుతో గడ్డిలో కూర్చున్నాడు. “వద్దు, లోపలికి రండి,” అన్నాడు నెమానీ. ఎవరూ రాలేదు. తను ఎంత కిందకు జరిగితే ఊరు అంతకంటె కిందకు జరుగుతోంది. సిగ్గుపడటానికి తగినంత పల్లం ఆ ఊళ్ళో ఆయనకు దొరకలేదు.

ఉనైసీ కదలలేదు.

“అమ్మా, బయటికి రా,” అని అపెనీసా మెట్ల మీద నుంచి గుసగుసలాడాడు.

“నాకు మోకాళ్ళు,” అంది ఉనైసీ. “నేను రాను.”

నెమానీ అన్న పన్నును ఆమె ముందు పెట్టాడు.

“ఆదివారం నేను గుంజ చూడటానికి వెళ్ళలేదు. రొయ్యలు పట్టుకోవడానికి వెళ్ళాను. సకియూసా గుంజ అన్నప్పుడు కాదనలేదు. దగ్గు వస్తున్నట్టు ఊరుకున్నాను. నీ కొడుకు చూశాడు. చూసి, సంచిని ఏట్లో వదిలేశాడు, నాకు ఈ గతి పట్టకూడదని. నిన్ను ఇక్కడే కూర్చోబెట్టి కట్టుబాటు గురించి చెప్పిన నోరే ఇది. ఆ చేతి తప్పేం లేదు. తప్పంతా తలది.”

గడ్డిలో నుంచి వైసాకే గొంతు, తగ్గించానని అతను అనుకున్నంతగా తగ్గలేదు: “నేను చెప్పలా? గుంజకేం పని లేదు.” ఎవరో అతని వీపు మీద చరిచారు.

ఉనైసీ తిమింగలం పన్ను వంక చూసింది. ముట్టుకోలేదు.

“ఎన్ని పట్టావు?” అంది.

ఆ ‘వు’ ఇంటి బయట కూడా వినిపించింది.

“సంచికి సగం.”

“తిన్నావా?”

“లేదు. కొట్టుకుపోయాయి.”

“నేను గుప్పెడే పట్టాను. మా కోడలు తింది.” ఉనైసీ కాళ్ళు సర్దుకుంది. “ఆ రోజు నా తల వంచి కూర్చోబెట్టావు. మాట్లాడావు, మాట్లాడావు. చీకటిపడిందాకా మాట్లాడావు. నీకు గుర్తుందో లేదో, నాకు మెడ పట్టేసింది. వారం రోజులు పక్కకు తిరగలేకపోయాను. తప్పు చేశాను, కాదనలేదు. వేరు తెస్తే ముట్టుకుని పంపించేస్తావనుకున్నాను. మా బావేగదా అనుకున్నాను.”

నెమానీ పన్నును ఆమె వైపు ఇంకాస్త జరిపాడు.

“ఇప్పుడు నువ్వు వంచు,” అంది ఉనైసీ. “నేను చెప్పిందాకా.”

ఆయన తల వంచాడు. తెల్లజుట్టులో, కుడివైపు, ఊడిపోయిన పాయ దగ్గర చర్మం ఇంకా ఎర్రగా ఉంది. ఊరు అటువంటిది ఎప్పుడూ చూడలేదు. చూడకూడదని తెలిసీ చూసింది. పైకప్పు అంచు నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి. మెట్ల మీద కోడలి ఒళ్ళో ఉనైసీ మనవరాలు ఏడ్చింది, ఊరుకుంది. తల వంచితే ముఖం దాగుతుందని నెమానీ అనుకున్నాడు. అది కిందివాళ్ళకు వర్తించే సూత్రం. తనకంటె పల్లంలో, మెట్ల మీద కూర్చున్నవాళ్ళకు వంచిన ముఖం మొత్తం కనిపిస్తూనే ఉంది.

చాలాసేపయ్యాక ఉనైసీ చెయ్యి చాపి తిమింగలం పన్నును ముట్టుకుంది. మెట్ల మీద ఎవరో పట్టలేక చప్పట్లు కొట్టారు, మిగిలినవాళ్ళు అందుకున్నారు. తడిచేతుల చప్పట్లు మెత్తగా మోగాయి. అపెనీసా లుంగీ మడతలో నుంచి కుడిచెయ్యి పైకి తీసి, దాన్నొకసారి చూసుకుని, అందరితోబాటు చప్పట్లు కలిపాడు. కింద గడ్డిలో కూర్చున్న సకియూసా అతని వైపు నుంచి ముఖం తిప్పుకోలేదు.

“చాల్లే, తల ఎత్తు,” అంది ఉనైసీ. “ఎత్తవేం? జుట్టు పట్టి ఎత్తమంటావా మళ్ళీ?”

మెట్లన్నీ నవ్వాయి. గడ్డి నవ్వింది. సకియూసా నవ్వు ఆపుకోవడానికి కోటు చెయ్యి కొరుక్కున్నాడు.

నెమానీ తల ఎత్తాలనే అనుకున్నాడు. ఎత్తితే ఎదురుగా ఉనైసీ ముఖం ఉంటుంది, పక్కన అపెనీసా ముఖం ఉంటుంది, వానలో తడుస్తూ ఊరి ముఖాలన్నీ ఉంటాయి. వాటిలో ఒక్కదానిలోనైనా కోపం ఉండదని ఆయనకు తెలుసు. ఉంటే ఎత్తగలిగేవాడు.